నీలకంఠం మార్చిన బల్బు

తడిగుడ్డ నాలుగోసారి పిండినా బకెట్లోకి నీళ్ళు నల్లగానే దిగుతున్నాయి. నీలకంఠం ఆ నీళ్ళు కాలువలో పారబోసి, మళ్ళీ సగం బకెట్ పట్టుకొచ్చి రెండో బెంచీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. రాత్రి పోర్టులోని బొగ్గుకుప్పల మీదుగా గాలి వీచిందంటే తెల్లారేసరికి మల్కాపురంలో కిటికీ ఊచల మీద, ఆరేసిన బట్టల మీద, ఈ క్లినిక్ బెంచీల మీద సన్నటి బొగ్గుపొడి పేరుకుంటుంది. వేలితో రాస్తే కాటుకలా అంటుకుంటుంది. దాన్ని తుడవడంతోనే ముప్పై నాలుగేళ్ళుగా అతనికి పొద్దు మొదలవుతోంది.

అతనికి అరవై ఒకటి నిండాయి. సన్నటి మనిషి. భుజాలు ముందుకు వంగి, చొక్కా ఎప్పుడూ ఒక సైజు పెద్దదిలా కనిపిస్తుంది. చేతులు మాత్రం ఆ ఒంటివి కానట్టుంటాయి. మెత్తగా, శుభ్రంగా, గోళ్ళు చివరికంటా కత్తిరించి ఉంటాయి. ఆ చేత్తో సూది వేయించుకున్నవాళ్ళు దూది రాస్తున్నప్పుడు కూడా ఇంకా వెయ్యలేదనే అనుకుంటారు. కాంపౌండరు నీలకంఠం గురించి ఆ పేటలో ఎవరైనా చెప్పగలిగింది అంతే. ఇరవై ఏడేళ్ళప్పుడు గరివిడి దగ్గర పల్లె నుంచి వచ్చాడు. వెనక సందులో ఒక గది. ఒక స్టవ్వు. పెళ్ళయింది గానీ ఆమె రెండేళ్ళకి పుట్టింటికి వెళ్ళి, తిరిగి రాలేదు. గొడవేమీ జరగలేదు. అందువల్ల దాన్ని గురించి చెప్పుకోవడానికి కూడా ఎవరికీ ఏమీ దొరకలేదు.

ఎనిమిదిన్నరకి ఆటో ఆగింది. డాక్టరు గురునాథరావుగారు ముందు కర్ర దించి, తర్వాత కాలు దించారు. ఆయనకి డెబ్భై ఆరు. రామచంద్రపురం మనిషి. ఈ రోడ్డు మీద ఇంకో క్లినిక్ లేని రోజుల్లో ఇక్కడ బోర్డు కట్టారు. ఇప్పుడు అదే రోడ్డు మీద ఏసీ ఆసుపత్రులు మూడున్నాయి. వాటికి వెళ్ళడానికి భయపడేవాళ్ళు, పాత అలవాటు మానలేనివాళ్ళు రోజుకి పది పదిహేను మంది ఇక్కడికి వస్తారు. డాక్టరుగారి భార్య పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు.

"గాలి కొట్టిందా రాత్రి?" అన్నారు డాక్టరుగారు, గుమ్మం ఎక్కుతూ.

"కొట్టినాది బాబూ. నాలుగు బకెట్లు."

రోజూ ఉదయం వాళ్ళ మధ్య మాటలు ఇంతే. మిగతా రోజంతా చీటీల్లో నడుస్తుంది. ఆయన రాస్తారు, నీలకంఠం చదివి మందు కడతాడు. ఆ గొలుసురాతని చదవగలిగింది లోకంలో అతనొక్కడే.

డాక్టరుగారు లోపలి గదిలోకి వెళ్ళి కూర్చుని టేబుల్ లైటు వేసుకున్నాకే నల్లకళ్ళద్దాలు తీశారు. రెండు నెలలుగా ఇదే వరస. ట్యూబులైటు కళ్ళలో గుచ్చుకుంటోందని తీయించేశారు. పాతకాలపు అరవై క్యాండిల్ బల్బు ఎక్కడో వెతికించి ఆ టేబుల్ లైటుకి పెట్టించుకున్నారు. శుక్లాల ఆపరేషనైన కళ్ళు కదా, వయసు మీద పడింది కదా అనుకున్నాడు నీలకంఠం. ఆయన మోచేతులు గోక్కోవడం కూడా చూశాడు. చెమటపొక్కులనుకుని, అడక్కుండానే ఒక పౌడరు డబ్బా కొనుక్కొచ్చి ఆయన సొరుగులో పెట్టాడు.

మూడో పేషెంటు దాలయ్య. రిఫైనరీలో కాంట్రాక్టు వెల్డరు. వారం రోజులుగా ముద్ద దిగడం లేదని గొంతు పట్టుకుని వచ్చాడు. డాక్టరుగారు జేబులోంచి పెన్నులాంటి టార్చి తీసి వెనక బొత్తాం నొక్కారు. బల్బు ఒక్కసారి తళుక్కున మెరిసి ఆరిపోయింది. అరచేతిలో తట్టారు. వెలగలేదు. నీలకంఠం కొత్త సెల్లులు వేసి చూశాడు. తల విప్పి బల్బుని కిటికీకి అడ్డంపెట్టి చూస్తే లోపల తీగ తెగి, గాజు మసిబారి ఉంది.

"నా ఫోన్లో లైటున్నాది బాబూ, ఎయ్యమంటారేటి?" అన్నాడు దాలయ్య.

"వద్దు."

ఆ మాట గట్టిగా వచ్చింది. అది ఆయనకే తెలిసినట్టుంది, గొంతు తగ్గించి, "గొంతు చూడ్డానికి పగటి వెలుతురే మేలు. గుమ్మంలోకి రా," అంటూ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని లేచారు. గుమ్మంలో దాలయ్య నోరు తెరిస్తే ఆ అద్దాల్లోంచే చూశారు. అందులోంచి గొంతు ఎరుపు ఏం తెలిసిందోనని నీలకంఠం అనుకున్నాడు గానీ, చీటీ మీద మందు సరైనదే రాశారు.

పన్నెండున్నరకి బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆటో ఎక్కుతూ డాక్టరుగారు టార్చిని నీలకంఠం చేతిలో పెట్టారు.

"ఇదే రకం బల్బు దొరికితే తే. దొరక్కపోతే వదిలెయ్. గుమ్మంలో చూసుకుందాం."

వదిలెయ్యడానికి నీలకంఠానికి మనసొప్పలేదు. ఆ టార్చి ఆయన జేబులో పాతికేళ్ళకి పైగా ఉంది. ఏ దేశపు ఓడలోనో ఇంజనీరుగా వచ్చి, మలేరియాతో పడి, ఈ క్లినిక్‌లో నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించుకున్న ఒక తెల్లవాడు వెళ్తూ ఇచ్చిపోయాడు. స్టీలు ఒళ్ళు, జేబుకి తగిలించుకునే క్లిప్పు, లోపల రెండు పెన్సిల్ సెల్లులు. ఎన్ని వేల నోళ్ళలోకి చూసిందో. ఆ నాలుగు రోజులూ ఆ తెల్లవాడి పక్కన రాత్రిళ్ళు కూర్చున్నది నీలకంఠం. భాష తెలియని ఇద్దరూ సెలైను చుక్కలు చూస్తూ గడిపారు.

హోటల్లో భోజనం చేసి, సింధియా జంక్షన్ నుంచి వచ్చే బస్సెక్కి, పాతపోస్టాఫీసు దగ్గర దిగాడు. వన్ టౌన్ సందుల్లో హోల్‌సేల్ కొట్ల ముందు ఆటోలు, బస్తాలు, బళ్ళూ. వాటిని తప్పించుకుంటూ, ఎప్పటినుంచో తెలిసిన సన్యాసిరాజు కరెంటు సామాన్ల కొట్టు వెతుక్కున్నాడు. మనిషి అడ్డంగా తిరగడానికి లేనంత ఇరుకు కొట్టు. పైనుంచి కిందదాకా వైర్లు, స్విచ్చులు, టార్చిలు వేలాడుతున్నాయి. సన్యాసిరాజు ఆ బల్బుని వేళ్ళ మధ్య తిప్పి చూసి నవ్వాడు.

"ఇదిప్పుడెవుడు సేత్తన్నాడు బావా? నా దగ్గర ఆఖరి పెట్టె ఖాళీ అయిపోయి ఎన్నేళ్ళయిపోనాదో. కొత్త టార్చి అట్టుకెళ్ళిపో, పట్టపగల్లాగ ఎలుగుతాది."

"కొత్తదొద్దు. ఇదే ఎలగాల."

"మరైతే ఎల్‌ఈడీ ఏసుకో." సొరుగు అడుగునుంచి ఒక చిన్న పొట్లం తీశాడు. అడుగు భాగం అచ్చం పాత బల్బులాగే ఇత్తడి అంచుతో ఉంది. పైన గాజుబుడగ బదులు పసుపురంగు చుక్క. "రెండు సెల్లులకి సరిపడే రకమే. కాపోతే రెండు సంగతులు. పాతదానికి సెల్లులు ఎటు తిప్పి ఏసినా ఎలుగుతాది. దీనికి అలగ్గాదు, మొన బల్బు ఏపే ఉండాల. ఇంకోటి, దీని తల లావు. ముందరున్న అద్దం గిన్నెలో కన్నం కూసింత పెద్దది సెయ్యాల. నానే సేసిద్దును గానీ ఈ కళ్ళతో సన్నపని సెయ్యనేను."

"నాను సేసుకుంటాను."

"ఎవురికి బావా ఇంత పంతం?"

"డాక్టరుబాబుకి."

"ఇంకా ఉన్నారేటి ఆయన?" అన్నాడు సన్యాసిరాజు మామూలుగానే, పొట్లం కడుతూ.

"ఉన్నారు," అన్నాడు నీలకంఠం. బస్సులో కూర్చున్నాక కూడా ఆ ప్రశ్న అతని చెవిలో తిరుగుతూనే ఉంది.

మూడింటికల్లా క్లినిక్ వెనక మందుల గదిలో బల్ల మీద తెల్లకాగితం పరిచి టార్చిని ముక్కలుగా విడదీశాడు. తల, అద్దం, అద్దంలా మెరిసే చిన్న గిన్నె, స్ప్రింగు, బొత్తాం. ఒక్కొక్కదాన్నీ దూదికి స్పిరిట్ తడిపి తుడిచాడు. స్ప్రింగు కొసకి పట్టిన తుప్పుని గరుకు కాగితంతో గీకాడు. కన్నం పెద్దది చేయడానికి ఏం వాడాలా అని కాసేపు చూసి, ఇంజక్షన్ ఆంప్యూళ్ళ మెడ కోసే చిన్న ఆకురాయి తీసుకున్నాడు. గిన్నె లోపలి మెరుపుకి గీత పడకుండా, వెంట్రుకవాసి చొప్పున, కన్నం అంచు చుట్టూ తిప్పుతూ అరగదీశాడు. ప్రతి నాలుగు తిప్పులకీ ఒకసారి బల్బు దూర్చి చూశాడు. పావుగంటకి అది దూరింది.

అన్నీ బిగించి నొక్కితే వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. పాడు చేశానేమోనని మళ్ళీ విప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది. పాతికేళ్ళ అలవాటుకొద్దీ సెల్లులు ఎలా పడితే అలా వేశాడు. తిప్పి వేశాడు. గోడ మీద తెల్లటి వెలుతురు పడింది.

కానీ ఆ వెలుతురు మధ్యలో నల్లటి మచ్చ ఉంది. గిన్నెలో బల్బు ఉండాల్సినదాని కంటే ముందుకొచ్చింది. కాస్త వెనక్కి జరగాలంటే ముందు ఏదో ఒక రింగు అడ్డం ఉండాలి. కాగితం చుట్టి పెట్టాడు, నిలవలేదు. చెత్తబుట్టలోంచి వాడేసిన ఇంజక్షన్ బుడ్డి ఒకటి తీసి, దాని మెడ మీది అల్యూమినియం రేకుని కత్తెరతో కత్తిరించి, సన్నటి రింగులా చేసి, అంచులు అరగదీసి, బల్బుకి గిన్నెకి మధ్యన తొడిగాడు. మచ్చ సగం తగ్గింది. ఇంకో రింగు తొడిగాడు. గోడ మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి వెలుతురు, మచ్చ లేకుండా నిలబడింది.

దాన్ని తన అరచేతి మీద వేసుకున్నాడు. పాత బల్బు కింద ఒంటిరంగంతా ఒకే పసుపులో మునిగిపోయేది. ఇప్పుడు గీతలూ, నరాల నీలమూ, గోళ్ళ కింది గులాబీ రంగూ, మణికట్టు మీద ఎప్పుడొచ్చాయో తెలియని వయసు మచ్చలూ విడివిడిగా కనిపిస్తున్నాయి. చాలాసేపు చూసుకున్నాడు. భార్య గౌరీశ్వరి పుట్టింటికి వెళ్ళేముందు సంచి సర్దుకుంటూ, "నీతో ఉన్నా నానొక్కదాన్నే ఉన్నట్టున్నాది," అంది. కోపంగా కాదు, ఎవరికో దారి చెప్పినట్టు అంది. ఆమె ఇప్పుడు బొబ్బిలిలో ఉందని విన్నాడు. టార్చి ఆర్పేశాడు.

ఐదున్నరకి డాక్టరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నాక, నీలకంఠం టార్చిని బల్ల మీద పెట్టాడు.

"ఎలుగుతన్నాది బాబూ."

ఆయన తీసుకుని నొక్కారు. ఎదుటి గోడ మీద తెల్లగా పడింది. వెంటనే ఆర్పేశారు.

"పాత బల్బు దొరకలేదా?"

"అయి ఇంక సెయ్యటం లేదంట బాబూ. ఎల్‌ఈడీ మార్సినాను."

"ఎవరు చేశారు?"

"నానే."

డాక్టరుగారు తల విప్పి టేబుల్ లైటు కింద పెట్టి చూశారు. చూపుడువేలితో రింగుని తాకారు. "ఇది ఇంజక్షన్ బుడ్డిది కదూ?"

"అవును బాబూ. రెండు ఏసినాను. ఒకటైతే మజ్జిలో మచ్చ పడతన్నాది."

ఆయన దాన్ని మళ్ళీ బిగించారు. బెంచీల మీద ఇంకా ఎవరూ లేకపోవడం చూసి, "తలుపు దగ్గరగా వెయ్యి," అన్నారు.

నీలకంఠం తలుపు వేసి తిరిగేసరికి ఆయన తన కుర్చీలో లేరు. పేషెంట్లు కూర్చునే స్టూలు మీదకి మారి, నల్లకళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని, మొహం కాస్త పైకెత్తి ఉన్నారు. టార్చిని అతని వైపు చాపారు.

"వేసి చూడు. ఏం కనపడుతోందో చెప్పు."

ముప్పై నాలుగేళ్ళలో నీలకంఠం ఆయన కళ్ళలోకి నేరుగా చూసింది లేదు. చూపు ఎప్పుడూ చీటీ మీదో, ఆయన చేతుల మీదో ఉండేది. ఇప్పుడు ఎడమచేతి బొటనవేలితో ఆయన కింది రెప్పని మెల్లగా కిందికి లాగాడు. ఎన్ని వేలసార్లు ఆయన అలా చేస్తుండగా పక్కన నిలబడి చూశాడో, వేలు దానంతటదే పని చేసింది. కుడిచేత్తో వెలుతురు వేశాడు.

"పచ్చగా ఉన్నాయి బాబూ."

"ఎంత పచ్చగా?"

"పండిన దోసకాయలాగ."

"ఎన్నాళ్ళ నుంచి ఉండుంటుంది?"

"రెండు నెల్లు."

"ఎలా చెప్పావ్?"

"ట్యూబులైటు తీయించినారు గదా బాబూ."

డాక్టరుగారు చిన్నగా నవ్వారు. నవ్వుతుంటే దవడ ఎముకలు ఎంత బయటికొచ్చాయో ఆ వెలుతురులో తెలిసింది. "తర్వాత ఏం అడగాలి?"

"నొప్పున్నాదా బాబూ?"

"లేదు."

ఇంక అడగాల్సింది లేదు. చాలాకాలం కిందట పోర్టులో పనిచేసే క్రేను డ్రైవరు ఒకతన్ని ఇదే స్టూలు మీద చూసి పంపాక, నొప్పి లేకుండా ముసలితనంలో కళ్ళు పచ్చబడితే అది మామూలు కామెర్లు కాదని ఆయనే నీలకంఠానికి చెప్పారు. ఆ మాట ఇద్దరికీ గుర్తుంది.

"స్కాను తీయించాను. క్లోమం దగ్గర గడ్డ. కత్తి పెట్టే దశ దాటిందన్నారు," అన్నారాయన.

నీలకంఠం టార్చి ఆర్పాడు. ఆర్పాక ఆయన మొహం మళ్ళీ టేబుల్ లైటు పసుపులోకి, మామూలు మనిషి మొహంలోకి వెళ్ళిపోయింది.

"నాకు సెప్పలేదు," అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం డాక్టరుగారు వినడం అదే మొదలు.

"ఎవరికీ చెప్పలేదు. కాకినాడలో మా మేనల్లుడు సుమంత్‌కి కూడా. నువ్వు పౌడరు డబ్బా తెచ్చిపెట్టిన రోజు, ఆ దురద కూడా దీనిదేనని చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. ఎంతమందికి చెప్పానో చూడు ఈ కుర్చీలో కూర్చుని. ఇటు స్టూలు మీద కూర్చుంటే చేతకావడం లేదు."

తలుపు మీద ఎవరో తట్టారు. డాక్టరుగారు లేవబోతే నీలకంఠం జబ్బ పట్టుకుని లేపాడు. అది కూడా మొదటిసారే. చొక్కా కింద ఎముక తప్ప ఏమీ తగల్లేదు.

ఆ సాయంత్రం ఆరుగురు వచ్చారు. ఆయన కొత్త వెలుతురుతో మూడు గొంతులు చూశారు. మందులు కడుతుంటే నీలకంఠానికి చీటీలోని అక్షరాలు రెండుసార్లు అలుక్కుపోయాయి. ఏడున్నరకి ఆటో వచ్చినప్పుడు క్లినిక్ తాళం వేసి, అడక్కుండానే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన వద్దనలేదు. ఇంటి గేటు దగ్గర దిగి కర్ర సర్దుకుంటూ డాక్టరుగారు, "అన్నం తిన్నావా మధ్యాహ్నం?" అని అడిగారు.

"తిన్నాను బాబూ."

"రేపు ఆ ట్యూబులైటు మళ్ళీ పెట్టించు. ఇంక దాచడమెందుకు."

ఆ తర్వాత ఆయన పందొమ్మిది రోజులు వచ్చారు. ప్రతి సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళాక స్టూలు మీద కూర్చునేవారు. నీలకంఠం రెప్ప లాగి చూసేవాడు. "నిన్నటికంటే?" అని ఆయన అడిగితే, "కూసింత ఎక్కువే బాబూ," అనేవాడు. అబద్ధం చెప్పాలని ఒక్కరోజు అనుకున్నాడు గానీ చెప్పలేదు. తర్వాత ఆటోలో ఇంటిదాకా వెళ్ళేవాడు. ఒకరోజు ఆయన రామచంద్రపురంలో చిన్నప్పుడు ఈతలో మునిగిపోబోయిన సంగతి చెప్పారు. ఇంకోరోజు నీలకంఠం, ఎవరూ అడక్కుండానే, గౌరీశ్వరి వెళ్తూ అన్న మాట చెప్పాడు. డాక్టరుగారు, "నిన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను," అన్నారు.

ఇరవయ్యో రోజు ఎనిమిదిన్నరకి ఆటో రాలేదు. నీలకంఠం తొమ్మిదిదాకా గుమ్మంలో నిలబడి, వచ్చిన ఇద్దరినీ పంపేసి, తనే ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆయన మంచం మీంచి లేవలేకుండా ఉన్నారు. నీలకంఠం ఫోన్ చేస్తే సుమంత్ కాకినాడ నుంచి వచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. ఆరో రోజు తెల్లవారుజామున, నీలకంఠం కింద టీ తాగడానికి దిగిన సమయంలో, ఆయన పోయారు. దహనం దగ్గర చుట్టాలు కొద్దిమందే ఉన్నారు. నీలకంఠం వాళ్ళకి కాస్త ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరో అతన్ని ఆటో డ్రైవరనుకుని, ఖాళీయేనా అని అడిగారు. కాదని చెప్పాడు.

నెల తిరిగాక సుమంత్ క్లినిక్ ఖాళీ చేయించడానికి వచ్చాడు. నెమ్మదైన కుర్రాడు. బీరువా, బల్ల వ్యాన్ ఎక్కించాక, "మీకు ఏం కావాలో తీసుకోండి అంకుల్," అన్నాడు. దాలయ్య సాయం పట్టడానికి వచ్చి, మెడికల్ షాపులో మనిషి కావాలన్నారని, తను మాట్లాడతానని చెప్పాడు. నీలకంఠం చూస్తానన్నాడు. వాళ్ళు సామానుతో బయటికి వెళ్ళాక ఒక్కడే లోపలి గదిలోకి వచ్చాడు. గోడలు ఇంతకుముందు కంటే దూరంగా ఉన్నట్టనిపించింది. మూలన చేతులు కడుక్కునే సింకు ఒక్కటే మిగిలింది.

దాని అంచు మీద ప్లాస్టిక్ పెట్టెలో సగం అరిగిన ఎర్రసబ్బు ఉంది. నెలన్నరగా నీళ్ళు తగలక ఎండి, నిలువునా పగుళ్ళిచ్చి, ఆ పగుళ్ళలో సన్నగా బొగ్గుపొడి చేరింది. పైన ఒక పక్కన, రోజూ డాక్టరుగారి బొటనవేలు ఆనిన చోట, నున్నటి గుంట అలాగే ఉంది.